సజ్జ–నేపియర్ సంకరానికి తల్లిదండ్రుల ఎంపిక: ముక్కల సేకరణ నుంచి సంకర మొక్క దాకా

పాడి రైతు చేలో ఈరోజు కనిపించే సంకర నేపియర్ గడ్డికి తల్లి సజ్జ, తండ్రి నేపియర్. మెత్తని కాండం, తీపి, పశువు ఇష్టంగా తినే ఆకు సజ్జ నుంచి వస్తాయి. ఏళ్ల తరబడి బతకడం, దుబ్బు కట్టడం, కోసిన ప్రతిసారీ మళ్లీ ఎగబాకడం నేపియర్ నుంచి వస్తాయి. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసిన సీఓ-4ను సీఓ-8 సజ్జ, ఎఫ్‌డీ 461 నేపియర్ కలిపి తీశారు. 2012లో వచ్చిన సీఓ(బీఎన్)-5కు తల్లి ఐపీ 20594, తండ్రి ఎఫ్‌డీ 437. ఈ జంటలను వెతికి పట్టుకోవడమే పనిలో సగం. తల్లిదండ్రుల ఎంపికలో తప్పు జరిగితే, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా సంకరం చేసినా ఫలితం ఉండదు.

ముందు క్రోమోజోముల లెక్క

సజ్జలో 14 క్రోమోజోములు, నేపియర్‌లో 28. సజ్జ అండం 7, నేపియర్ పుప్పొడి 14 తెస్తాయి కాబట్టి సంకర మొక్కలో 21 ఉంటాయి. ఏడేసి క్రోమోజోముల సెట్లు మూడు ఉండే ఈ మొక్క గొడ్డుది, గింజ కట్టదు. ఎంపికను నడిపించే మూడు సంగతులు ఇక్కడే పుడతాయి.

సంకరంలో మూడింట రెండు వంతుల క్రోమోజోములు నేపియర్‌వే. అందుకే పిల్ల మొక్క తండ్రి పోలికలోనే ఎక్కువగా ఉంటుంది. మోటు కాండం, ఆకు అంచున గరుకుదనం, కాండం మీద నూగు వంటి నేపియర్ లోపాలు సజ్జ ఎంత మంచిదైనా పూర్తిగా పోవు. ఎంపికలో ఎక్కువ శ్రమ నేపియర్ మీదే పెట్టాలి.

రెండోది, గింజ లేదు కాబట్టి తర్వాతి తరం లేదు. వరిలోలాగా రెండో తరం, మూడో తరం వేసుకుంటూ లోపాలు ఏరేయడం కుదరదు. మొదటి తరంలో పుట్టిందే ఆఖరు.

మూడోది చాలామంది పట్టించుకోరు. నేపియర్ కాండం ముక్కలతో పెరిగే పంట. ఒక దుబ్బు నుంచి తీసిన ముక్కలన్నీ అచ్చం ఒకేలా ఉంటాయి గానీ, ఆ మొక్క లోపల జన్యువులు మిశ్రమంగా ఉంటాయి. దాని పుప్పొడిలో ఏ రెండు రేణువులూ ఒకటి కావు. కాబట్టి ఒకే కంకి మీద పుట్టిన 50 గింజలు 50 రకాల మొక్కలవుతాయి. వాటిలో ఒక్కటి అద్భుతంగా ఉంటే చాలు, ముక్కలు చేసి రకంగా పంచొచ్చు. అందువల్ల సంకరం సగటు ఎంత అని మాత్రమే కాదు, ఆ సంకరంలో మొక్కకూ మొక్కకూ తేడా ఎంత అని కూడా చూడాలి.

సేకరణ: ఎన్ని, ఎక్కడి నుంచి

నేపియర్ 25 నుంచి 30, సజ్జ 8 నుంచి 10 ఉంటే మొదలుపెట్టడానికి సరిపోతాయి. సజ్జకు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధి ఉంది. 20 వేలకు పైగా సజ్జ నమూనాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఐపీ అన్న అక్షరాలతో మొదలయ్యే సజ్జలు అక్కడివే. నేపియర్‌కు ఝాన్సీలోని భారతీయ పచ్చిక మైదానాలు, పశుగ్రాస పరిశోధన సంస్థ, జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాల పశుగ్రాస విభాగాలను అడగాలి. ప్రపంచంలో నేపియర్ ముఖ్య సేకరణ ఒకటి అడిస్ అబాబాలోని అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థలో ఉంది. విదేశీ మొక్క ఏదైనా జన్యు వనరుల బ్యూరో క్వారంటైన్ ద్వారానే రావాలి. సంచిలో నాలుగు ముక్కలు వేసుకుని తెచ్చేయడం చట్టవిరుద్ధమే కాదు, ప్రమాదం కూడా. తూర్పు ఆఫ్రికాలో నేపియర్‌ను గిడసబార్చే ఫైటోప్లాస్మా (బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి) తెగులు ముక్కల ద్వారా కూడా కొత్త చేలకు పాకుతుంది.

సేకరణలో ఒకే మూస మొక్కలు వద్దు. పొడవుగా ఎదిగేవి, అమెరికా ఫ్లోరిడాలో విడుదల చేసిన మోట్ లాంటి పొట్టి, ఆకు ఎక్కువున్న రకాలు, ఎరుపు ఆకు రకాలు, నీటి ఎద్దడిలో నిలిచేవి, కాటుక తెగులు తట్టుకునే కెన్యా కకమేగా-1 లాంటివి వీలైనన్ని ఉండాలి. తెచ్చిన రోజే ప్రతిదానికీ అంకె వేసి, ఎవరిచ్చారు, ఎక్కడిది, ఏ తేదీ అన్నవి పుస్తకంలో రాయండి. రేకు బిళ్ల మీద మేకుతో గీసిన అంకె అయిదేళ్లు ఉంటుంది. మార్కర్ పెన్నుతో రాసింది ఒక్క ఎండాకాలం కూడా నిలవదు.

పేర్లు వేరు, మొక్క ఒకటే

ముక్కలతో పెరిగే పంటల్లో ఇది పెద్ద మోసం. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన పాక్‌చాంగ్-1నే మన దగ్గర సూపర్ నేపియర్ అంటారు. ఒక్కో నర్సరీ చేతిలో దానికి ఒక్కో పేరు. పది పేర్లతో పది సంచులు తెచ్చుకుంటే అందులో నాలుగే అసలు రకాలు కావచ్చు. ముందే ఏరేయకపోతే ఒకే మొక్కకు నాలుగు వరుసల భూమి, రెండేళ్ల శ్రమ పోతాయి.

డీఎన్‌ఏ పరీక్షకు లేత ఆకు 100 మిల్లీగ్రాములు సరిపోతుంది. సజ్జలో తయారైన ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు (డీఎన్‌ఏలో పదే పదే వచ్చే చిన్న వరుసల ఆధారంగా మొక్కను గుర్తుపట్టే గుర్తులు) చాలావరకు నేపియర్‌లోనూ పనిచేస్తాయి. నేపియర్‌లోని రెండు జన్యు సముదాయాల్లో ఒకటి సజ్జకు దగ్గరి చుట్టం కాబట్టి ఆ వీలుంది. 25 నుంచి 30 మార్కర్లు తీసుకోండి. నేపియర్‌లో క్రోమోజోముల సెట్లు నాలుగు ఉండటం వల్ల, జెల్ మీద గీతలా కనిపించే ఒక డీఎన్‌ఏ పట్టీ ఎన్ని ప్రతుల్లో ఉందో తెలియదు. అందుకని ఉంటే 1, లేకపోతే 0 అని రాయడమే నిజాయితీ. పోలిక లెక్కకు జకార్డ్ గుణకం వాడండి. రెండు మొక్కల్లోనూ పట్టీ లేకపోవడాన్ని అది పోలికగా లెక్కించదు. ఆ జాగ్రత్త లేకపోతే సంబంధం లేని మొక్కలు కూడా దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి.

ఒక చిన్న పని మాత్రం తప్పక చేయండి. ఒకే దుబ్బు నుంచి రెండు ఆకులు తీసి, వేర్వేరు అంకెలతో ప్రయోగశాలకు పంపండి. అలాంటివి రెండు మూడు జంటలు పెట్టండి. అవి 1.00 బదులు 0.96 పోలిక చూపిస్తే, మీ పరీక్షలో సహజంగా దొర్లే తప్పు అంత అని తెలుస్తుంది. అప్పుడు 0.96 పైన ఉన్న ప్రతి జంటనూ ఒకే రకమని అనుమానించి, చేలో పక్కపక్కన నాటి చూడాలి.

డీఎన్‌ఏ పరీక్షకు వీలు లేనివారు కణుపు రంగు, కణుపు దగ్గర మైనపు పొర, కాండాన్ని చుట్టుకునే ఆకు తొడుగు మీద నూగు, ఆకు తొడుగుతో కలిసేచోట ఉండే నాలుక అంచు వెంట్రుకలు, పూత తేదీ అన్న అయిదు గుర్తులను రెండు కాలాల్లో చూసి పోల్చండి. సగం నకళ్లయినా దొరుకుతాయి.

చేలో పెట్టే తీరు

మూడు కణుపులున్న ముక్కలు, మూడు నెలలు దాటిన కాండం మధ్య భాగం నుంచి తీయండి. కొస ముక్కలు కుళ్లిపోతాయి, మొదలు ముక్కలు ఆలస్యంగా మొలుస్తాయి. రెండు కణుపులు మట్టిలో, ఒకటి పైన ఉండేలా ఏటవాలుగా గుచ్చాలి. వరుసల మధ్య 1 మీటరు, దుబ్బుల మధ్య 50 సెంటీమీటర్లు. ఒక్కో నమూనాకు 5 మీటర్ల వరుస, అంటే 10 దుబ్బులు. మూడు పునరావృతాలు, అంటే అన్ని నమూనాలనూ మూడుసార్లు వేర్వేరుగా నాటాలి, ప్రతిదానిలో క్రమం చీటీలు తీసి మార్చాలి. స్థానికంగా బాగా నడిచే సీఓ-4 లాంటి రకం ఒకటి పోలికకు తప్పక ఉండాలి. చేను అంచున ఒక వరుస ఏదైనా నేపియర్ రక్షణగా వేయకపోతే, అంచు మొక్కలు గాలీ ఎండా ఎక్కువ తీసుకుని అబద్ధపు దిగుబడి చూపిస్తాయి.

నాటిన 75–80 రోజులకు అన్నీ ఒకే రోజు నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో కోసేయండి. ఈ కోత లెక్కలోకి రాదు, అన్నిటినీ ఒకే గీత మీద నిలబెట్టడానికే. అక్కడి నుంచి 45 రోజులకోసారి కోత. రెండేళ్లు కనీసం, ఎందుకంటే మొదటి ఏడాది విజృంభించి రెండో ఏడాది దుబ్బు మధ్య నుంచి చచ్చిపోయే రకాలు ఉంటాయి. వేసవి కోతలు, వానాకాలం కోతలు విడివిడిగా రాయండి. కలిపి సగటు తీస్తే, ఏప్రిల్‌లో పచ్చగా నిలిచిన మొక్క గొప్పతనం ఆగస్టు దిగుబడి కింద మునిగిపోతుంది. మన పాడి రైతుకు అసలు కరువు ఏప్రిల్, మే నెలల్లోనే.

ఏం కొలవాలి

ఎత్తు, పిలకల సంఖ్య, ఆకు పొడవు వెడల్పు, కాండం మందం, పచ్చి బరువు. వరుస చివరి రెండు దుబ్బులు వదిలి మధ్య అయిదింటినే కొలవాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఎండు ఆకు బరువు. అది చాలాచోట్ల కొలవకుండా పోతుంది. కోసిన వెంటనే 500 గ్రాముల నమూనా తీసి, ఆకూ కాండమూ వేరుచేసి, ముందు నీడలో, తర్వాత 60–65 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక మారని దాకా ఆరబెట్టండి. సాధారణంగా మూడు రోజులు పడుతుంది.

రెండు మొక్కలు తీసుకుని లెక్క చూద్దాం. మొదటిది దుబ్బుకు 4.0 కిలోల పచ్చిమేత ఇచ్చింది, ఎండు పదార్థం 15 శాతం, అందులో ఆకు వాటా 42 శాతం. ఎండు మేత 600 గ్రాములు, ఎండు ఆకు 252 గ్రాములు. రెండోది 3.2 కిలోలే, ఎండు పదార్థం 16 శాతం, ఆకు వాటా 60 శాతం. ఎండు మేత 512 గ్రాములు, ఎండు ఆకు 307 గ్రాములు. త్రాసు మీద గెలిచింది మొదటిది. గేదె ముందు గెలిచేది రెండోది, ఎందుకంటే గాబులో మిగిలిపోయేది మోటు కాండమే. పచ్చి బరువు ఒక్కటే చూసి తండ్రిని ఎంచితే ప్రతి సంకరంలోనూ చెరకులాంటి గడ్డి వస్తుంది.

నాణ్యతకు నత్రజనిని 6.25తో గుణించి మాంసకృత్తులు, వాటితో పాటు పీచు, జీర్ణమయ్యే శాతం, ఆక్సలేట్లు పరీక్షించాలి. ఆక్సలేట్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అవి కాల్షియంను కట్టేసి పశువుకు అందనీయవు. పాలిచ్చే గేదెకు అది నేరుగా తగులుతుంది. ఎండు పదార్థంలో కరిగే ఆక్సలేట్లు 2 శాతం లోపు ఉన్న మొక్కలకే మొగ్గు చూపండి. లేత ఆకులో, వానాకాలపు తొలి కోతల్లో అవి ఎక్కువగా ఉంటాయి కాబట్టి పరీక్ష అప్పుడే చేయాలి. ముదిరిన గడ్డి తెచ్చి పరీక్షిస్తే అన్నీ పాసవుతాయి.

దూరం లెక్క, అందులో ఉచ్చులు

చేలో కొలిచిన గుణాల మీద వైవిధ్యాన్ని గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1936లో ఇచ్చిన డీ-స్క్వేర్ పద్ధతితో కొలుస్తారు. అన్ని గుణాలూ కలిపి ఒక మొక్క ఇంకో మొక్కకు ఎంత దూరమో అది చెబుతుంది. టోకర్ పద్ధతిలో వాటిని గుంపులుగా చేస్తారు. సాఫ్ట్‌వేర్ నిమిషంలో గుంపులు ఇచ్చేస్తుంది, కష్టం ఆ గుంపులను చదవడంలో ఉంది.

ఏ గుణం ఎంత శాతం దూరాన్ని తెచ్చిందన్న పట్టిక ముందు చూడండి. పూత రోజులు ఒక్కటే సగం పైగా తెస్తే, మీ గుంపులు నిజానికి ముందు పూసేవి, ఆలస్యంగా పూసేవి అన్న విభజన తప్ప ఇంకేమీ కాదు. మేతకు దానితో పనిలేదు. ఆ గుణం తీసేసి మళ్లీ లెక్క వేయండి. ఒకే మొక్క ఉన్న గుంపు కనిపిస్తే అది అరుదైన రత్నం కావచ్చు, ఒక కొలత తప్పుగా రాసినదీ కావచ్చు. నోటు పుస్తకం తీసి చూడండి.

అనువంశికత (మొక్కల మధ్య తేడాలో జన్యువుల వల్ల వచ్చిన వాటా) 60 శాతం దాటి, జన్యు పురోగతి (ఎంపికతో ఆశించగల మెరుగుదల) సగటులో 20 శాతం పైన ఉన్న గుణాల మీద ఎంపిక నిలబడుతుంది. పిలకల సంఖ్య ఒక కాలం నుంచి ఇంకో కాలానికి బాగా మారిపోతే, దాని ఆధారంగా తండ్రిని నిర్ణయించకండి.

డీఎన్‌ఏ దూరమూ చేలో దూరమూ ఒకటే చెప్పకపోతే కంగారు పడనక్కర్లేదు. మార్కర్లు చుట్టరికాన్ని చెబుతాయి, చేను పనితనాన్ని చెబుతుంది. చుట్టరికం దూరంగా ఉండి, పనితనం రెండింటిలోనూ బాగుంటే అదే కావాల్సిన జంట.

జంట కట్టడం

అన్నిటికంటే దూరమైన రెండింటిని కలిపితే అన్నిటికంటే గొప్ప సంకరం వస్తుందనుకోవడం ఈ పనిలో సర్వసాధారణమైన పొరపాటు. దూరం ఒక్కటే చూస్తే, దేనికీ పనికిరాని అడవి మొక్క కూడా పట్టికలో పైకొస్తుంది. వరుస ఇలా ఉండాలి: ముందు ఎండు ఆకు దిగుబడిలో పై మూడో వంతు మొక్కలను ఏరండి. వాటిలో అగ్గి తెగులు సోకేవి, ఆక్సలేట్లు ఎక్కువున్నవి తీసేయండి. మిగిలినవాటిలో మాత్రమే దూరం చూడండి. ఆ తర్వాత ఒకదాని లోపం ఇంకోదానిలో తీరుతుందా అని చూడండి. కాండం మోటైన నేపియర్‌కు సన్న కాండం, వెడల్పు ఆకు సజ్జ జోడీ. ఇద్దరిదీ ఒకే లోపమైతే ఎంత దూరపు చుట్టాలైనా ఆ జంట వద్దు.

సజ్జను తల్లిగా ఎందుకు పెడతారంటే, దాని గింజ పెద్దది, రాలదు, మొలక బలంగా ఉంటుంది. నేపియర్ గింజ ధూళిలా ఉండి పండగానే రాలిపోతుంది. పుంవంధ్యత్వం ఉన్న, అంటే సొంత పుప్పొడి పనిచేయని సజ్జ వంశం దొరికితే స్వపరాగ సంపర్కం బెడదే ఉండదు. కానీ ఆ వంశాలన్నీ ఒకే మూలానివి కాకుండా చూసుకోండి. 1965లో విడుదలైన హెచ్‌బీ-1, ఆ తర్వాత వచ్చిన హెచ్‌బీ-3 గింజ సజ్జలకు అమెరికాలోని టిఫ్టన్ నుంచి వచ్చిన టిఫ్ట్ 23ఏ ఒక్కటే తల్లి. వెర్రికంకి తెగులు 1970ల మొదట్లో విరుచుకుపడినప్పుడు దేశమంతా ఒకే తల్లి పిల్లలు కావడంతో చేలకు చేలు పోయాయి. మేత గడ్డి కూడా ఒకే మొక్క ముక్కలతో ఊళ్లకు ఊళ్లు నిండుతోంది. కనీసం మూడు నాలుగు వేర్వేరు సజ్జ తల్లులు ఎంచుకోండి.

పూత కలపడం, సంకరం చేయడం

నేపియర్ పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. మన ప్రాంతంలో ఎక్కువ రకాలు అక్టోబరు చివరి నుంచి జనవరి వరకు పూత తీస్తాయి. తండ్రి వరుసలను ఆగస్టు తర్వాత కోయకుండా వదిలేయండి. సజ్జ 50 రోజుల్లో పూస్తుంది కాబట్టి సెప్టెంబరు మధ్య నుంచి పది రోజుల తేడాతో నాలుగు దఫాలు విత్తండి. ఒకే దఫా విత్తి, పూత కలవక ఏడాది మొత్తం పోగొట్టుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే నష్టం. డిసెంబరు చలి రాత్రుల్లో గింజ కట్టడం తగ్గుతుంది, నవంబరులో పూత కలిసేలా చూసుకోవడం మేలు.

సజ్జలో ఆడ భాగం ముందు, మగ భాగం తర్వాత పండుతాయి. కంకి పొట్ట నుంచి బయటికి రాగానే, ఇంకా ఏమీ కనిపించకముందే బటర్ పేపర్ కవరు తొడిగి, అడుగున పిన్ను పెట్టండి. రెండు రోజులకు కంకి పైభాగం నుంచి తెల్లని ఈకల్లాంటి కీలాగ్రాలు తొంగిచూసి, మెల్లగా కిందికి పాకుతాయి. కంకి అంతా తెల్లని నూగు కప్పినట్టు అవుతుంది. ఆ దశ రెండు మూడు రోజులుంటుంది, పసుపు కేసరాలు కనిపించాయంటే ఆలస్యమైనట్టే. నేపియర్ కంకులకు ముందు సాయంత్రమే కవరు తొడిగి, ఉదయం 8 నుంచి 10 మధ్య, మంచు ఆరాక, కంకిని వంచి కవరులోకి తట్టండి. పసుపు పొడి అడుగుకు చేరుతుంది. మంచు తడి మీద తట్టిన పుప్పొడి ఉండ కట్టి పనికిరాదు. ఆ కవరును సజ్జ కంకి మీదికి మార్చి, గట్టిగా పట్టుకుని నాలుగైదుసార్లు ఊపండి. వరుసగా మూడు రోజులు ఇలాగే. ఒక్కరోజుతో ఆపితే కంకి పైభాగంలోనే గింజ పడుతుంది. కవరు మీద తల్లి, తండ్రి, తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా మంచుకు కారిపోతుంది.

సంకరమా, ఉత్త సజ్జా

దాదాపు 35 రోజులకు కోసిన గింజను కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేలలో వేసి, మూడు వారాలకు చేలో 1 మీటరు దూరంలో నాటండి. మామూలు సజ్జ తల్లి అయితే కొన్ని మొక్కలు స్వంత పుప్పొడితో పుట్టినవే ఉంటాయి. అవి నిండా గింజ కట్టి ఎండిపోతాయి. సంకర మొక్క కంకి తీసినా కేసరాలు పగలవు, గింజ పట్టదు, కోస్తే మళ్లీ చిగురిస్తుంది. అనుమానం ఉంటే ఎసిటోకార్మైన్ అనే ఎరుపు రంగు ద్రావణం చుక్కలో పుప్పొడి చూడండి, సంకరానిదైతే చాలావరకు రంగు పట్టక ముడుచుకుని ఉంటుంది. రకంగా తీసుకెళ్లాలనుకునే మొక్కకు మాత్రం వేరు కొసలో 21 క్రోమోజోములు లెక్కపెట్టాల్సిందే.

తల్లిదండ్రులకు మార్కులు

4 సజ్జలు, 5 నేపియర్‌లు కలిపితే 20 సంకరాలు. ఒక్కోదానికి 40 మొక్కలంటే 800 మొక్కలు, 800 చదరపు మీటర్లు, అంటే సుమారు 20 సెంట్లు లేదా 8 గుంటలు. ఇందులో ఎవరు మంచి తల్లి, ఎవరు మంచి తండ్రి అన్నది సంయోజన శక్తి లెక్కతో తేలుతుంది. అన్ని సంకరాల సగటు దుబ్బుకు 2.0 కిలోలు అనుకోండి. ఒక సజ్జ పిల్లల సగటు 2.2 అయితే దాని సాధారణ సంయోజన శక్తి +0.2. ఒక నేపియర్‌ది 2.3 అయితే +0.3. ఈ రెండూ కలిసిన సంకరం నుంచి 2.5 ఆశించాలి. చేలో 2.9 వస్తే ఆ అదనపు 0.4 ఆ జంటకే ప్రత్యేకం. మళ్లీ మళ్లీ వాడాల్సిన తల్లిదండ్రులను సాధారణ శక్తి చూసి ఎంచండి. ఇప్పుడే రకం కావాలంటే ప్రత్యేక శక్తి ఉన్న జంటను పట్టుకుని, మరుసటి ఏడు అదే జంటతో 300 మొక్కలు పెంచండి. సగటు కాస్త తక్కువైనా పిల్లల మధ్య తేడా ఎక్కువున్న జంటను వదలొద్దు. మేటి మొక్క చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఏరిన 10–15 మొక్కలను ముక్కలు చేసి, మళ్లీ మూడు పునరావృతాల్లో రెండేళ్లు కోసి చూడాలి. ఒక్క దుబ్బు చూపించిన గొప్పతనంలో సగం దాని కింద ఉన్న మట్టిదే కావచ్చు. చివరికి రైతుకు ఇచ్చేటప్పుడు ఒకే మొక్క ముక్కలు కాకుండా, వేర్వేరు తల్లుల నుంచి వచ్చిన మూడు రకాలు వేర్వేరు వరుసల్లో నాటించండి. ప్రతి రకానికీ 20 దుబ్బుల తల్లి మడి ఒకటి కేంద్రంలో ఉంచి, అంకె బిళ్లను ఏటా సరిచూసుకోండి. ముక్కలు ఎప్పుడూ ఆ మడి నుంచే తీయాలి.